చైనా క్లే పోసిన సహజ రబ్బరు పచ్చిగా మిగలకుండా చేయడం ఎలా

ఏడేళ్ల కిందట, వారం రోజులుగా ముసురు పట్టి ఉన్నప్పుడు, మేం తీసిన ఫ్లోర్ మ్యాట్లు ఒక రోజు సరుకంతా పచ్చిగా, అంటే ప్రెస్‌లో సల్ఫర్‌తో ఉడకాల్సినంత ఉడక్కుండా, వచ్చాయి. ఫార్ములా మారలేదు, ప్రెస్ టెంపరేచర్ మారలేదు, టైమ్ మారలేదు. పైకి చూస్తే నున్నగా బాగానే ఉన్నాయి, కానీ మడిచి వదిలితే మడత గీత అలాగే ఉండిపోయింది, కోసి చూస్తే లోపల సూదిమొనంత బుడగలు. ప్రెస్ దగ్గర ఉన్న కుర్రాణ్ని అనవసరంగా కోప్పడ్డాం, ప్రెస్ వేడి కొలిచే థర్మోకపుల్ మార్చాం, సల్ఫర్ బస్తా మార్చాం. మూడు రోజుల తర్వాత తేలింది ఏమిటంటే, క్లే పంపేవాళ్లు చెప్పకుండా గ్రేడు మార్చారు, పైగా ఆ బస్తాలు చెమ్మ పట్టి ఉన్నాయి.

అప్పటిదాకా నేనూ అందరిలాగే క్లే అంటే ఖర్చు తగ్గించడానికి పోసే పొడి, అంతే అనుకున్నాను. అది తప్పు. క్లే మీరు వేసిన కెమికల్స్‌ని తింటుంది. ముందు దానికి ఏదో ఒకటి పెట్టి ఆకలి తీర్చకపోతే, రబ్బరుకి అందాల్సిన యాక్సిలరేటర్ (సల్ఫర్‌తో రబ్బరు ఉడకడాన్ని వేగం చేసే కెమికల్) దాని కడుపులోకి పోతుంది. చిన్న మిల్లు నడిపేవాళ్లు, కొత్తగా కాంపౌండింగ్‌లోకి (రబ్బరులో కెమికల్స్ కలిపే పనిలోకి) వచ్చిన డిప్లొమా కుర్రాళ్లు ఈ ఒక్క సంగతి పట్టుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. మిగతా సగం ఏ కెమికల్ ఎంత, ఏ వరసలో వేయాలి, వేశాక ఏం మారుతుంది అన్నది. అది మీ మిల్లులోనే, మీ క్లేతోనే ఎలా తేల్చుకోవాలో చెప్తాను.

ముందు క్లే ఎందుకు అలా చేస్తుందో రెండు మాటలు. చైనా క్లే, అంటే కేయొలిన్, పలకలు పలకలుగా ఉండే అల్యూమినియం సిలికేట్. ఆ పలకల మీద, అంచుల్లో హైడ్రాక్సిల్ గుంపులు ఉంటాయి. అవి నీటిని ఇష్టపడతాయి, రబ్బరుని ఇష్టపడవు. సహజ రబ్బరు నూనె జాతి, క్లే నీళ్ల జాతి. అందుకే రెండూ కలిపినంత మాత్రాన అతుక్కోవు. రబ్బరు గ్రేడు క్లే చాలావరకు కాస్త ఆమ్లంగా కూడా ఉంటుంది, నీళ్లలో కలిపి చూస్తే పీహెచ్ 4.5 నుంచి 5.5 మధ్య వస్తుంది. మనం వాడే యాక్సిలరేటర్లు అమీన్ల నుంచి వచ్చినవి, క్షార గుణం ఉన్నవి. ఆమ్లం ఉన్న చోటికి అవి పోయి అతుక్కుంటాయి, అతుక్కున్నది ఇక పనికి రాదు. రబ్బరు ఉడకడానికి సాయపడే జింక్ కూడా కొంత అలాగే పోతుంది. ఫలితంగా క్యూర్, అంటే ఉడకడం, ఆలస్యమవుతుంది, క్రాస్‌లింకులు (రబ్బరు గొలుసుల్ని ఒకదానికొకటి కట్టే లంకెలు) తక్కువ పడతాయి, మడత గీత మిగిలిపోతుంది.

ఇంకో మాట, హార్డ్ క్లే, సాఫ్ట్ క్లే అని రెండు రకాలు అమ్ముతారు కదా, హార్డ్ అంటే మట్టి గట్టిగా ఉంటుందని కాదు. అది సన్నటిది, గింజల్లో ఎక్కువ భాగం 2 మైక్రాన్ల కంటే చిన్నవి, రబ్బరులో పోస్తే రబ్బరు గట్టిగా బిర్రుగా వస్తుంది, అందుకే ఆ పేరు. సాఫ్ట్ క్లే ముతకది. సన్నటి క్లేకి ఉపరితలం ఎక్కువ, కాబట్టి ఆకలీ ఎక్కువ. మా ముసురు రోజుల మ్యాట్లలో జరిగింది సరిగ్గా ఇదే: మాకు తెలియకుండా సాఫ్ట్ పోయి హార్డ్ వచ్చింది, కెమికల్స్ మాత్రం పాత కొలతే వేశాం.

మొదటి పని: బస్తా విప్పగానే క్లేని పరీక్షించండి

దీనికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. 100 గ్రాములు పళ్లెంలో పలుచగా పరిచి ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచి మళ్లీ తూచండి. 99 గ్రాముల కంటే తగ్గితే తడి ఎక్కువ ఉన్నట్టే, ఆ క్లేని ఆరబెట్టకుండా వాడొద్దు. తడి లోపలికి పోతే ప్రెస్‌లో ఆవిరై బుడగలు వస్తాయి, పైగా క్యూర్ వేగమూ బస్తా బస్తాకీ మారుతూ ఉంటుంది. తర్వాత 10 గ్రాముల క్లేని 90 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో బాగా కలిపి పీహెచ్ పేపరు ముంచి చూడండి. పోయిన బస్తాకి 5 వచ్చి ఈ బస్తాకి 4 వస్తే, ఫార్ములా ముట్టుకోకుండా క్యూర్ మారబోతోందని ముందే తెలిసిపోతుంది. చివరగా 325 మెష్ జల్లెడ మీద వేసి నీళ్లతో కడగండి. వేళ్ల మధ్య గరగరలాడే ఇసుక మిగిలితే, సాగదీసినప్పుడు రబ్బరు ఆ గింజ దగ్గరే చిరుగుతుంది, అది సల్ఫర్‌తోనో యాక్సిలరేటర్‌తోనో సరయ్యేది కాదు.

చౌకగా దొరికిందని ఏ మట్టి పడితే ఆ మట్టి తేవద్దు. రబ్బరు పనికి కేరళ తోనక్కల్ వైపు, గుజరాత్ కచ్ వైపు నుంచి శుద్ధి చేసిన చైనా క్లే వస్తుంది. మన ద్వారకా తిరుమల చుట్టుపక్కల తవ్వే బాల్ క్లే పింగాణీ, టైల్స్ పనికి పేరున్నది, కానీ పింగాణీ వాళ్లు చూసుకునే గుణాలు వేరు, మనకి కావాల్సినవి వేరు. ముఖ్యంగా మట్టిలో రాగి, మాంగనీస్ చుక్కంత ఉన్నా సహజ రబ్బరు త్వరగా పాడవుతుంది. ఆరు నెలలకే జిగురుగానో పెళుసుగానో మారుతుంది. సప్లయర్‌ని ఆ రెండింటి అంకెలు సర్టిఫికెట్‌లో రాసివ్వమని గట్టిగా అడగండి.

రెండో పని: ఒక బేస్ ఫార్ములా పట్టుకుని కూర్చోండి

ఇక్కడ భాగాలు అంటే 100 భాగాల రబ్బరుకి ఎన్ని భాగాలు అని. నేను మొదలుపెట్టేది ఇలా ఉంటుంది: సహజ రబ్బరు 100 (ఆర్‌ఎస్‌ఎస్ 4 షీటు రబ్బరు గానీ ఐఎస్‌ఎన్‌ఆర్ 20 బ్లాక్ రబ్బరు గానీ), జింక్ ఆక్సైడ్ 5, స్టియరిక్ యాసిడ్ 2, యాంటీఆక్సిడెంట్ (రబ్బరు త్వరగా పాడవకుండా కాపాడేది) టీక్యూ 1, హార్డ్ క్లే 75, నాఫ్తెనిక్ ఆయిల్ 5, డైఇథిలీన్ గ్లైకాల్ (క్లే ఆకలి తీర్చేది, కింద ఉత్త గ్లైకాల్ అన్నా ఇదే) 2, యాక్సిలరేటర్లు సీబీఎస్ 1.2, టీఎంటీడీ 0.2, సల్ఫర్ 2.5. మొత్తం 193.9 భాగాలు.

400 గ్రాముల రబ్బరుతో చేస్తే క్లే 300 గ్రాములు, గ్లైకాల్ 8, సల్ఫర్ 10, సీబీఎస్ 4.8, టీఎంటీడీ 0.8 గ్రాములు. ఆ ఆఖరి అంకె మళ్లీ చూడండి. 0.8 గ్రాములు. కిరాణా కొట్టు కాటాకి ఒక గ్రాము అటూ ఇటూ తేడా ఉంటుంది, దాని మీద టీఎంటీడీ తూస్తే ఒకసారి సున్నా, ఒకసారి రెట్టింపు పడుతుంది. గ్రాములో నూరో వంతు చూపించే కాటా కొనండి, అది లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. యాక్సిలరేటర్లు, సల్ఫర్ వేర్వేరు చిన్న కవర్లలో తూచి పేరు రాసి పెట్టుకోండి. సీబీఎస్, ఎంబీటీఎస్ (ఇదీ ఇంకో యాక్సిలరేటర్) రెండూ కవర్లో ఒకేలా కనిపిస్తాయి, పేరు లేకపోతే ఎవరికీ తెలియదు.

మూడో పని: ఒకసారికి ఒక్కటే మార్చండి

చాలామంది రబ్బరు మెత్తగా వచ్చిందని సల్ఫర్ పెంచి, అదే బ్యాచ్‌లో యాక్సిలరేటర్ పెంచి, ఆయిల్ తగ్గించి, బాగా వచ్చాక ఏది పని చేసిందో తెలియక ఆ మూడింటినీ ఏళ్ల తరబడి మోస్తూ ఉంటారు. అలా వద్దు. పెద్ద మిల్లు మీద ఒక మాస్టర్ బ్యాచ్ చేయండి: రబ్బరు, జింక్, స్టియరిక్, టీక్యూ, క్లే, ఆయిల్ మాత్రమే. ఇది 188 భాగాలు అవుతుంది, అంటే 400 గ్రాముల రబ్బరు ఉన్న ముక్క కావాలంటే 752 గ్రాములు కోయాలి. 3 కిలోల రబ్బరుతో చేస్తే ఇలాంటి ముక్కలు ఏడు వస్తాయి, ఆరు వాడుకుని ఒకటి పక్కన పెట్టుకోండి.

మొదటి ముక్కకి గ్లైకాల్ లేకుండా మిగతా కెమికల్స్ వేయండి. రెండోదానికి గ్లైకాల్ 1, మూడోదానికి 2, నాలుగోదానికి 4. అయిదోదానికి గ్లైకాల్ 2 ఉంచి స్టియరిక్ ఇంకో భాగం కలపండి. ఆరోదానికి గ్లైకాల్ 2, ఆయిల్ ఇంకో అయిదు భాగాలు. సిలేన్ (క్లేని రబ్బరుకి అతికించే కెమికల్) చూడాలనుకుంటే దానికి మాస్టర్ బ్యాచ్ పనికిరాదు, ఎందుకంటే సిలేన్ క్లే మీద వేడిలో కూర్చోవాలి, ఆయిల్, స్టియరిక్ ముందే పట్టేసిన క్లే మీద అది సరిగా పట్టదు. దానికి విడిగా బ్యాచ్ తీయాలి.

నాలుగో పని: మిల్లు మీద కలపడం

మిల్లు రెండు రోల్స్‌నీ 70 డిగ్రీల దగ్గర ఉంచండి, నీళ్లు తిరుగుతున్నాయో లేదో చేయి పెట్టి కాదు, థర్మామీటరుతో చూడండి. ముందు రబ్బరుని ఒంటరిగా నలగనివ్వాలి. మొదట్లో అది రోల్ మీద నిలవదు, చిల్లులు పడుతూ చింపిరిగా వేలాడుతుంది, అయిదారు నిమిషాలకి నెమ్మదిగా నునుపు తేలి ముందు రోల్‌కి చొక్కాలా అతుక్కుంటుంది. అప్పటిదాకా ఏమీ వేయకండి. నలగని రబ్బరులో క్లే వేస్తే పైకి కలిసినట్టే ఉంటుంది, కోసి చూస్తే తెల్ల చుక్కలు కనిపిస్తాయి. మరీ ఎక్కువ నలిపినా గొలుసులు తెగి బలం పోతుంది, కాబట్టి చొక్కా నునుపు తేలగానే ముందుకు పొండి.

తర్వాత జింక్ ఆక్సైడ్, టీక్యూ. అవి కలిశాక స్టియరిక్. ఆ తర్వాత క్లే, కొంచెం కొంచెంగా, రోల్ పొడవునా చల్లుతూ. ఒకేసారి గుమ్మరిస్తే మధ్యలో పొర కట్టి పెంకులా రాలిపోతుంది. కింద ట్రేలో పడిందంతా ఊడ్చి మళ్లీ వేయాలి, ఆ ఊడ్చిన దాంట్లోనే మీ జింక్, మీ స్టియరిక్ కూడా ఉంటాయి. సగం క్లే పోయాక ఆయిల్ మొదలుపెట్టండి. ముందే ఆయిల్ పోస్తే రబ్బరు జారిపోయి క్లేని నలిపే బలం ఉండదు, గడ్డలు గడ్డలుగానే మిగులుతాయి.

రోజువారీ ప్రొడక్షన్‌లో గ్లైకాల్‌ని క్లేతో పాటే వేయండి. ముందుగానే ఆ క్లేలో కొంత తీసుకుని గ్లైకాల్ అందులో పోసి చేత్తో పొడిపొడిగా కలిపి పెట్టుకుంటే రోల్ మీద జారదు. పరీక్ష ముక్కల్లో మాత్రం మాస్టర్ బ్యాచ్ మళ్లీ రోల్‌కి ఎక్కాక ముందు గ్లైకాల్ వేసి, రెండు మూడు నిమిషాలు నలగనిచ్చి, ఆ తర్వాతే యాక్సిలరేటర్ వేయాలి. ఈ వరస తప్పితే మొత్తం పరీక్షకే అర్థం లేదు. గ్లైకాల్ ముందు పోయి క్లే మీది ఆకలి చోట్లన్నీ నింపేయాలి, యాక్సిలరేటర్ వచ్చేసరికి అక్కడ ఖాళీ ఉండకూడదు. విందులో కూర్చున్నవాడికి ముందు పప్పన్నం వడ్డించినట్టు అనుకోండి, కడుపు నిండినవాడు ఖరీదైన వంటకం మీద పడడు.

సల్ఫర్, యాక్సిలరేటర్లు ఎప్పుడూ ఆఖరున. ఆ టైమ్‌కి కాంపౌండ్ 100 డిగ్రీల లోపే ఉండాలి, లేకపోతే షీటుగా తీసి చల్లార్చి మళ్లీ ఎక్కించండి. అన్నీ వేశాక ఎడమ నుంచి మూడు కోతలు, కుడి నుంచి మూడు కోతలు, ఆ తర్వాత రోల్స్ బిగించి చుట్ట చుట్టి నిలువుగా ఆరుసార్లు పంపండి. ఈ ఆఖరి పని బద్ధకించి వదిలేసేవాళ్లే ఎక్కువ, ఒకే షీటులో ఒక మూల గట్టిగా ఒక మూల మెత్తగా రావడానికి కారణం అదే.

జాగ్రత్తలు కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ మిల్లు మీద వేళ్లు పోగొట్టుకున్నవాళ్లని చూశాను. మొదలుపెట్టే ముందు ఎమర్జెన్సీ బార్ లాగి రోల్స్ ఆగుతున్నాయో లేదో రోజూ చూడండి. కత్తి ఎప్పుడూ రోల్ కింది సగంలోనే పెట్టాలి, నిప్ (రెండు రోల్స్ కలిసే సందు) దగ్గరికి చేయి పోకూడదు, ఉంగరం, కడియం, పొడుగు చేతుల చొక్కా వద్దు. క్లే దుమ్ము, టీఎంటీడీ పొడి లేస్తాయి కాబట్టి మాస్కు తప్పనిసరి.

షీటు తీశాక ఒక రోజు, కనీసం ఒక రాత్రి పక్కన పెట్టండి. అప్పుడే తీసి అప్పుడే ప్రెస్‌లో పెడితే అంకెలు నిలకడగా రావు.

అయిదో పని: ఎంతసేపు ఉడకాలో తేల్చుకోవడం

దగ్గర్లో రియోమీటర్ (రబ్బరు ఉడికేకొద్దీ ఎంత గట్టిపడుతోందో గ్రాఫు గీసే మెషిన్) ఉన్న ల్యాబ్ ఉంటే ఆరు ముక్కలూ పంపి 150 డిగ్రీల దగ్గర గ్రాఫులు తెప్పించుకోండి. గ్రాఫులో నాలుగు అంకెలు చాలు. కనిష్ఠ టార్క్, అంటే పచ్చి కాంపౌండ్ ఎంత బిర్రుగా ఉందన్నది. గరిష్ఠ టార్క్, ఉడికాక ఎంత గట్టిపడిందన్నది. టీఎస్ 2, ఉడకడం మొదలవడానికి ఎంతసేపు ఉందన్నది. టీసీ 90, తొంభై శాతం ఉడకడానికి పట్టే టైమ్.

రియోమీటర్ లేకపోతే, ప్రెస్‌లో ఒకే టెంపరేచర్ దగ్గర చిన్న బిళ్లలు 6, 8, 10, 12, 15 నిమిషాలకి ఒక్కొక్కటి తీయండి. చల్లారాక గోరుతో గట్టిగా నొక్కండి. గుంట నెమ్మదిగా లేస్తే ఇంకా పచ్చి, వెంటనే లేస్తే ఉడికింది. మధ్యకు కోసి చూడండి, బుడగలు ఎక్కడితో ఆగిపోయాయో ఆ టైమ్ రాసుకోండి. ఒక బిళ్లని సగానికి మడిచి, వైస్‌లో బిగించి, రాత్రంతా ఉంచి, పొద్దున వదిలి ఎంత గీత మిగిలిందో చూడండి. ఇది కంప్రెషన్ సెట్ (నొక్కి ఉంచి వదిలాక తిరిగి లేవకుండా ఎంత మిగిలిందన్నది) పరీక్షకి సాటి కాదు, కానీ ఆరు ముక్కల మధ్య తేడా చూపించడానికి చాలు. టెంపరేచర్ 10 డిగ్రీలు పెంచితే టైమ్ దాదాపు సగమవుతుందని గుర్తుంచుకోండి, కానీ సహజ రబ్బరుని 160 దాటించి ఎక్కువసేపు ఉంచితే పడిన లింకులే తెగిపోయి మళ్లీ మెత్తబడుతుంది, దాన్నే రివర్షన్ అంటారు.

పరీక్షలకి 2 మిల్లీమీటర్ల షీటు కావాలి. 150 మిల్లీమీటర్ల చదరానికి 45 ఘన సెంటీమీటర్లు, ఈ కాంపౌండ్‌కి దాదాపు 58 గ్రాములు అవుతుంది, అంచుల్లోకి పోయేదానికి ఓ అయిదారు గ్రాములు ఎక్కువ వేయండి. తీసిన షీటుని కనీసం 16 గంటలు ఆరనిచ్చాకే టెన్సైల్ (తెగేదాకా లాగితే తట్టుకునే బలం), షోర్ ఏ స్కేలు మీద గట్టిదనం చూడండి. మన దేశంలో ఈ పరీక్షలకి ఐఎస్ 3400 ప్రమాణం ఉంది, అందులో మొదటి భాగం టెన్సైల్, రెండోది గట్టిదనం, నాలుగోది వేడిలో ఏజింగ్, పదోది కంప్రెషన్ సెట్. బయటి ల్యాబ్‌కి ఇస్తే ఈ భాగాల పేర్లు చెప్పి అడగండి.

ఆరో పని: ఏది వేస్తే ఏం మారిందో చదువుకోవడం

అసలు విషయం ఇక్కడే ఉంది. ఒక్కొక్కటీ చూద్దాం.

*గ్లైకాల్.* సున్నా నుంచి 2కి పోయేసరికి టీసీ 90 బాగా తగ్గాలి, గరిష్ఠ టార్క్ పెరగాలి, మడత గీత తగ్గాలి. మీ ముక్కల్లో అలా రాకపోతే మీ క్లేకి ఆకలి తక్కువ అని అర్థం, సాఫ్ట్ క్లేతో అలా జరుగుతుంది, అప్పుడు గ్లైకాల్ 1 చాలు. 4 వేసిన ముక్కని మాత్రం వారం తర్వాత వేలితో తడమండి. క్లేకి చాలినంత దొరికాక మిగిలింది పైకి చెమటలా వస్తుంది, రబ్బరు నీళ్లు కూడా ఎక్కువ పీలుస్తుంది, స్కార్చ్ (అచ్చు నిండకముందే ఉడకడం మొదలవడం) టైమ్ కూడా దగ్గరపడుతుంది. ఎక్కడ టీసీ 90 తగ్గడం ఆగిపోతుందో అదే మీ కొలత, అక్కడే ఆపండి. డైఇథిలీన్ గ్లైకాల్ బదులు పాలిఇథిలీన్ గ్లైకాల్ 4000 వాడొచ్చు, అది మైనంలా గట్టిగా ఉంటుంది, తూచడం తేలిక, మిల్లు మీద జారదు. ట్రైఇథనాలమీన్ కూడా ఇదే పని చేస్తుంది, పైగా అది క్షారం కాబట్టి క్యూర్‌ని ఇంకా తొందరపెడుతుంది, చాలా కొంచెంతో మొదలుపెట్టాలి.

గ్లైకాల్ బదులు యాక్సిలరేటరే ఎక్కువ వేస్తే పోదా అని అడుగుతారు. పని జరుగుతుంది, కానీ కిలో గ్లైకాల్ కంటే కిలో సీబీఎస్ ఖరీదు చాలా ఎక్కువ, దాన్ని మట్టికి మేపడం దండగ. అంతకంటే పెద్ద చిక్కు ఏమిటంటే, క్లే తడి, గ్రేడు మారినప్పుడల్లా అది తినే యాక్సిలరేటర్ కూడా మారుతుంది, మీ క్యూర్ ఊగిసలాడుతూనే ఉంటుంది.

*స్టియరిక్ యాసిడ్.* ఇది రెండు పనులు చేస్తుంది. జింక్ ఆక్సైడ్‌తో కలిసి క్యూర్‌ని నడిపిస్తుంది, క్లే గింజలు రబ్బరులో విడివిడిగా పరుచుకోవడానికి జారుడు ఇస్తుంది. 1 కంటే తక్కువ వేస్తే క్లే గడ్డలు విడవవు, లింకులు తక్కువ పడతాయి. 3 దాటితే పచ్చి షీటు పైన మైనపు పొర కట్టి, ఒక షీటుకి ఇంకో షీటు అతకదు. పట్టీలు, పొరలు అంటించే పని ఉన్నవాళ్లు ఈ సంగతి తప్పక చూసుకోవాలి.

*సిలేన్.* గ్లైకాల్ క్లే ఆకలి తీరుస్తుందే తప్ప క్లేని రబ్బరుకి అతికించదు. ఆ పని సిలేన్‌ది. దాని ఒక చివర క్లే మీది హైడ్రాక్సిల్‌తో, ఇంకో చివర సల్ఫర్ ద్వారా రబ్బరుతో కలుస్తుంది, అంటే మధ్యలో వంతెన. అందుకే 300 శాతం సాగదీతలో మాడ్యులస్ (అంత సాగదీయడానికి పట్టే బలం) స్పష్టంగా పెరుగుతుంది, అరుగుదల తగ్గుతుంది, సెట్ తగ్గుతుంది, నీళ్లు తక్కువ పీలుస్తుంది. సాగే గుణం మాత్రం కొంత తగ్గుతుంది. 75 భాగాల క్లేకి 0.5 నుంచి 1 భాగం చాలు. టీఈఎస్‌పీటీ అనే సల్ఫర్ ఉన్న సిలేన్ వాడితే మిక్సింగ్‌లో 140 నుంచి 150 డిగ్రీల వేడి కావాలి, ఓపెన్ మిల్లు మీద అంత వేడి రాదు, నీడర్ (మూత ఉన్న మిక్సర్) ఉన్నవాళ్లకే అది సరిగా పని చేస్తుంది. ఓపెన్ మిల్లు వాళ్లకి నా సలహా, సిలేన్ ముందే పట్టించి అమ్మే క్లే కొనుక్కోండి. దాంట్లో అమినో సిలేన్ రకం క్యూర్‌ని తానే వేగం చేస్తుంది కాబట్టి గ్లైకాల్, యాక్సిలరేటర్ కొలతలు తగ్గించి మొదలుపెట్టాలి. మెర్కాప్టో రకం బలం బాగా ఇస్తుంది, కానీ తొందరగా స్కార్చ్ తెస్తుంది. విడిగా సిలేన్ కొంటే మూత తీసి ఉంచకండి, గాలిలోని తడికే అది పాడవుతుంది.

*ఆయిల్.* దాదాపు 2 భాగాల ఆయిల్‌కి షోర్ ఏ ఒక పాయింటు తగ్గుతుంది. మీ ఆరో ముక్కలో రెండు మూడు పాయింట్లు తగ్గి ఉండాలి, కనిష్ఠ టార్క్ తగ్గి అచ్చులోకి తేలిగ్గా పారాలి, మాడ్యులస్, టెన్సైల్ కొంచెం తగ్గాలి. గట్టిదనం తగ్గించడానికి క్లే తగ్గించాలా ఆయిల్ పెంచాలా అంటే, బలం కావాల్సిన సరుకైతే క్లే తగ్గించండి, మ్యాట్ల లాంటి సరుకైతే ఆయిల్ పెంచండి.

*సల్ఫర్, యాక్సిలరేటర్ నిష్పత్తి.* సల్ఫర్ 2.5, సీబీఎస్ 1.2 ఉంటే సాగుడు, చిరుగుడు బలం, మడతలు తట్టుకోవడం బాగుంటాయి, వేడిలో మాత్రం త్వరగా పాడవుతుంది. సల్ఫర్ 1.5, సీబీఎస్ 1.5 చేస్తే వేడి తట్టుకుంటుంది, సెట్ తగ్గుతుంది, మడతల దగ్గర పగుళ్లు కొంచెం ముందే వస్తాయి. ఇంజన్ పక్కన ఉండే బుష్‌కి రెండోది, చెప్పు పట్టీకి మొదటిది.

*యాంటీఆక్సిడెంట్.* టీక్యూ వేడికి మంచిది, కొంచెం గోధుమ రంగు తెస్తుంది. తెల్లటి, లేత రంగుల సరుకుకి ఎస్పీ, అంటే స్టైరినేటెడ్ ఫినాల్ వేయండి. ఓజోన్ పగుళ్లు ఆపే 6పీపీడీ క్లే కాంపౌండ్‌లో బాగానే పనిచేస్తుంది గానీ ఆనుకున్న గోడకి, గుడ్డకి మరక అంటిస్తుంది, లేత రంగులో వేయకూడదు.

ఒక నిజం దాచకుండా చెప్పాలి. సహజ రబ్బరుకి సాగదీసినప్పుడు గొలుసులు వరసలో కూర్చుని స్ఫటికంలా గట్టిపడే గుణం పుట్టుకతోనే ఉంది, కాబట్టి ఏ ఫిల్లరూ లేకుండానే దానికి టెన్సైల్ బలం ఎక్కువ. క్లే పోస్తే ఆ బలం పెరుగుతుందని ఆశ పడొద్దు. క్లే ఇచ్చేది గట్టిదనం, మాడ్యులస్, అచ్చులో నునుపు, కొంత అరుగుదల తట్టుకోవడం. ఒక హద్దు దాటి పోస్తే టెన్సైల్, సాగుడు పడిపోతూనే ఉంటాయి, సిలేన్ వేసినా ఆ పడిపోవడం నెమ్మదిస్తుందే గానీ ఆగదు. బలమూ కావాలి గట్టిదనమూ కావాలి అంటే, క్లేలో కొంత తీసేసి ఆ చోట కార్బన్ బ్లాక్ గానీ సిలికా గానీ పెట్టాలి.

ధర లెక్క లీటరుకి వేయండి, కిలోకి కాదు

రబ్బరు సాంద్రత 0.92, క్లే 2.6. మన బేస్ ఫార్ములా లెక్క కడితే కాంపౌండ్ సాంద్రత 1.28 దగ్గర వస్తుంది, క్లే లేకుండా అదే ఫార్ములా 0.97. అంటే అదే అచ్చు నింపడానికి దాదాపు మూడో వంతు బరువు ఎక్కువ పడుతుంది. కిలో ధర తగ్గిందని సంతోషించి మ్యాట్ ధర లెక్క వేస్తే మిగిలింది తక్కువే అని తేలుతుంది. ఈ సాంద్రత అంకెకి ఇంకో ఉపయోగం ఉంది. ప్రతి బ్యాచ్ నుంచి చిన్న ముక్క ఉడికించి గాలిలో ఒకసారి, నీళ్లలో ఒకసారి తూచి సాంద్రత చూడండి. 1.28 రావాల్సింది 1.25 వస్తే క్లే తక్కువ పడింది, 1.31 వస్తే ఎక్కువ పడింది. ఎవరు తూచారో అడగక్కర్లేకుండా తప్పు దొరికిపోతుంది.

సరుకు తేడా వస్తే ఎక్కడ వెతకాలి

లోపల బుడగలు, గోరు గుంట లేవడం లేదు: ముందు క్లే తడి, తర్వాత గ్లైకాల్ మర్చిపోయారా, ఆ తర్వాతే ప్రెస్. అచ్చు నిండకుండానే బిగుసుకుపోతోంది, అంచులు నారింజ తొక్కలా ఉన్నాయి: స్కార్చ్, సల్ఫర్ వేసినప్పటి వేడి చూడండి, గ్లైకాల్ గానీ టీఎంటీడీ గానీ ఎక్కువ పడిందేమో చూడండి. రెండు రోజులకి పైన పసుపు తెలుపు పొడి లేచింది: సల్ఫర్ సరిగా కలవలేదు లేదా సరిగా ఉడకలేదు. పొడి కాకుండా జిడ్డుగా ఉంటే అది గ్లైకాల్ గానీ ఆయిల్ గానీ. సాగదీస్తే ఒకే చోట టప్పున తెగుతోంది: తెగిన ముఖాన్ని భూతద్దంతో చూడండి, మధ్యలో తెల్ల గింజ కనిపిస్తే క్లే గడ్డ, అంటే స్టియరిక్ తక్కువైనా, ఆయిల్ ముందే పోసినా, రబ్బరు చాలినంత నలగకపోయినా అది మిగిలింది.

వానాకాలంలో మేం ఇప్పుడు క్లే బస్తాలు నేల మీద పెట్టం, చెక్క ప్యాలెట్ల మీద, గోడకి అడుగు దూరంలో పెడతాం, ఆ రోజుకి కావాల్సింది ముందు రాత్రే ఓవెన్‌లో పరిచి పొద్దున వాడతాం. ప్రతి లాట్ నుంచి అర కిలో క్లే గట్టి మూత డబ్బాలో, దాంతో ఉడికించిన ఒక షీటు దాని పక్కనే, తేదీ, లాట్ నంబరు, పీహెచ్, టీసీ 90 రాసిన చీటీతో ఏడాది పాటు ఉంచుతాం. కొత్త లాట్ రాగానే పాత డబ్బాలోని క్లేతో ఒక ముక్క, కొత్త క్లేతో ఒక ముక్క, ఒకే రోజు ఒకే మనిషి చేత తీయించి, రెండు గోరు గుంటలూ పక్కపక్కన పెట్టి చూశాకే ఆ బస్తాలు మిల్లు దగ్గరికి పోతాయి.